గోడకు కట్టాల్సిన జంపఖానా

మట్టెవాడ వెంకటరాజం నేసిన జంపఖానాలో ఏడాదికొక ఎర్ర పట్టీ ఉంది. ఆ ఏడు వాడకట్టులో ఎన్ని మగ్గాలు ఆడితే పట్టీ అంత పొడుగు. ఏటేటా పొట్టిదవుతూ వచ్చి, చివరిదైన ఎనభై నాలుగు నాటిది జానెడు కూడా లేదు. ఒక్కో పట్టీ పక్కన, ఆ ఏడు ఎవరి మగ్గం ఎందుకు ఆగిందో నల్ల నూలుతో అక్షరాలు నేశాడు. హనుమకొండ నుంచి నేతసంఘం మీటింగుకొచ్చే చేనేత శాఖ పెద్ద సారు ఒక్కసారి చూస్తే చాలనుకున్నాడు.

సంఘంలో దాన్ని అప్పజెప్పి, చాయ తాగి వచ్చేసరికి నేలమీద పరిచేశారు. వాడకట్టంతా దానిమీదే కూర్చుంది. మగ్గం ఆగిన మొండయ్య తన పేరుమీదే బాసింపట్టు వేశాడు.

"గోడకు కట్టుండ్రని చెప్పిన గదనే!" అన్నాడు వెంకటరాజం భార్యతో.

"జంపఖానా నేస్తివి. పరువక నెత్తిన వెట్టుకుంటరా?" అంది రాజవ్వ.

సారు పోతూ పోతూ వంగి చూశాడు. "మెట్ల డిజైన్ బాగుందయ్యా. ఆ రాతలు తీసేసి ఇలాంటివే నేయి, కొంటాం."

ఆర్నెల్ల తర్వాత దొరికిన పని. మర్నాడే వెంకటరాజం మగ్గం గుంటలోకి దిగాడు. సిగ్గులేని చేతులు పొడుగు పట్టీ వేశాయి, దాని కింద పొట్టిది. నల్ల నూలు కండెలను రాజవ్వ పొద్దున్నే అటకమీద పడేసింది.