గెలిచిన రోజు గుర్తులేని మనిషి

పోయిన ఆదివారం సైకిల్ పందెం కోసం మా వీధి మూసేశారు. కూరగాయల సంచులతో కారులోనే అరగంట ఉండిపోయాను. రంగురంగుల చొక్కాల గుంపు రివ్వున దూసుకుపోతుంటే నా ఈడువాళ్ళు కూడా ఫోన్లెత్తి వీడియోలు తీసుకున్నారు గాని, నేను తల తిప్పుకున్నాను.

అమెరికాలో, శాంటా క్లారాలో నేనూ మా ఆయనా ఉద్యోగాలు చేసే రోజుల్లో, రెండువేల ఎనిమిది ప్రాంతమనుకుంటాను, పందేలకు వచ్చే చిన్న టీముల వాళ్ళకు ఊళ్ళోవాళ్ళే తమ ఇళ్ళలో బస ఇచ్చేవారు. సైకిలంటే ప్రాణమైన మా ఆయన మా మేడ మీద గది ఇస్తామని చెప్పి వచ్చారు. అలా ఒక నార్వే ఆయన, ఏ రోజు విజేత ఆ రోజే తేలే వారం రోజుల పందెం కోసం మా ఇంట దిగాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పన్నెండేళ్ళుగా టీము నాయకుడికి నీళ్ళసీసాలు అందిస్తూ, అతనికి ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కుతూ, తాను ఒక్క గెలుపూ ఎరగని మనిషి. సొంత ఊళ్ళోనే తననెవరూ గుర్తుపట్టరని నవ్వుతూ చెప్పేవాడు. మా అమ్మాయి స్నేహితురాళ్ళను చూసి తానూ నన్ను ఆంటీ అనేవాడు. పెరుగన్నం గిన్నెడు తినేవాడు.

మూడోరోజు కొండ దిగుతూ పడ్డాడు. హెల్మెట్ పగిలినా లేచి పందెం పూర్తిచేశాడట. ఇంటికొచ్చి తన గది ఎటని నన్ను రెండుసార్లు అడిగాడు. నీళ్ళు గ్లాసులో కాక పక్కన పోశాడు. నేను చూశానని గ్రహించి దగ్గరకొచ్చాడు.

"ఆంటీ, ప్లీజ్, టీమ్ డాక్టర్‌కి చెప్పొద్దు. ఈ ఏడాదితో నా కాంట్రాక్ట్ అయిపోతుంది. రేపొక్కరోజే నన్ను నా కోసం తొక్కనిస్తామన్నారు. అదే నా ఛాన్స్," అన్నాడు ఇంగ్లీషులో, గొంతు తగ్గించి.

డాక్టరు నంబరు మా ఫ్రిజ్ మీదే అంటించి ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. "వాళ్ళు ప్రొఫెషనల్స్, వాళ్ళ బాడీ వాళ్ళకి తెలీదా? మనం కాల్ చేసి కెరీర్ స్పాయిల్ చేయడమెందుకు, వదిలెయ్," అన్నారు మా ఆయన. వదిలేశాను. ఆయన మాట మీదే ఆగిపోయానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను గాని, అతను గెలిస్తే చూడాలన్న ఆశ నాకూ ఉంది.

మర్నాడు గెలిచాడు. గమ్యం దగ్గర నిలబడి అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. నార్వేలో వాళ్ళ ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చి స్వాగతం చెప్పిందని, పత్రికల్లో మొదటి పేజీలో బొమ్మ వేశారని, సన్మానాలు చేశారని అతని భార్య మెయిల్ రాసింది. ఆ చలికాలంలో ఫోన్ చేస్తే, వెలుతురు భరించలేక చీకటి గదిలో పడుకుంటున్నాడని, సైకిల్ మానేశాడని చెప్పి, ఫోన్ అతనికిచ్చింది.

"అందరూ ఆ రోజు గురించే అడుగుతారు, ఆంటీ. వీడియోలో చూస్తే ఎవరో గెలుస్తున్నట్టుంటుంది. నాకు ఆ రోజే లేదు," అన్నాడు.

ఇప్పుడు స్కూలు పిల్లలైనా సరే, తలకు దెబ్బ తగిలితే ఆటలోంచి తప్పిస్తున్నారు. తల్లులెవరూ తప్పుపట్టడం లేదు. మా కాలంలో పడ్డవాడు లేచి మళ్ళీ ఎక్కితే దాన్నే ధైర్యమనేవాళ్ళం. ఆ గెలుపు లేకపోతే అతని పేరు వాళ్ళ ఊరికి తెలిసేదే కాదు, అదీ నిజమే. కానీ ఊరంతటికీ గుర్తున్న ఆ రోజు, అతనికి ఇప్పటికీ వేరేవాళ్ళు చెప్పాల్సిందే.