రెండో స్లాటులో పసుపు

నాకు చదువు పెద్దగా రాదు. నేను చెబుతుంటే మా దుకాణంలో పనిచేసే అమ్మాయి టైపు చేస్తోంది. ఏ కంప్యూటర్ సంగతి చెబుతున్నానో, టైపు చేసేది కూడా దాని మీదే.

బోధన్ బస్టాండుకు దగ్గర్లో మాది జిరాక్సు దుకాణం. మా ఆయన ఉన్నప్పుడు అప్లికేషన్లు నింపేవాడు, పెళ్లిపత్రికలు కొట్టేవాడు. ఆయన పోయాక జిరాక్సు నేను తీస్తున్నాను, కంప్యూటర్ పని అమ్మాయి చూస్తోంది. అది పాతది. విడి సామాన్లు తెచ్చి ఆయనే బిగించుకున్నాడు. అప్లికేషన్ తెరవమంటే, మనిషి పోయి చాయ్ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. జనం ఎదుటి దుకాణానికి పోవడం మొదలుపెట్టారు. ర్యామ్ పెంచకపోతే తాను కూడా వేరేచోట పని చూసుకుంటానని అమ్మాయి చెప్పేసింది. ఆమె పోతే దుకాణం మూతే. నాకు భయం వేయలేదు, బాధ కూడా అనిపించలేదు. సీపీయూను పాత దుప్పట్లో కట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాను.

"గా మూటల ఏముందక్కా, కోళ్లా?" అన్నాడు కండక్టర్. కంప్యూటర్ అన్నాను. బస్సులో నవ్వారు.

రిపేరు చేసేటాయన మా ఆయనకు తెలిసినవాడే. పక్క రేకు విప్పబోతే అసలు రేకే లేదు. వేడెక్కుతుందని మా ఆయన ఎప్పుడో తీసేశాడు. ఈ బోర్డుకు పట్టే ర్యామ్ ఇప్పుడు తయారు కాదట. వేరే పాత కంప్యూటర్లోంచి పీకిందే దొరుకుతుందట. కొత్త రకం కంటే దానికే ధర ఎక్కువ, గ్యారంటీ మాత్రం లేదు. కొత్త రకం పెట్టాలంటే బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే ప్రాసెసర్ కూడా మార్చాలి. అంటే కొత్త కంప్యూటరే. అంత నావల్ల కాదు. పీకిందే పెట్టమన్నాను.

ర్యామ్ పెట్టే స్లాట్లు రెండు. మొదటిదాంట్లో పాతది ఉంది. రెండోదాంట్లో ఇప్పుడు కొన్నది పెడితే తెర వెలగలేదు, లోపల బీప్ బీప్‌మని కూతలు మొదలయ్యాయి. రిపేరాయన టార్చి వేసి చూసి తల ఎత్తాడు.

"లోపల పసుపు పెట్టినవా అక్కా?"

"నేను కాదన్నా. ఆయన."

ప్రతి దసరాకు జమ్మికి పోయే ముందు మా ఆయన దుకాణంలో పూజ చేసేవాడు. పని చేసేది లోపలిదే కదా, బయట పెడితే ఏం లాభం అని బోర్డుకే తడి పసుపు పెట్టేవాడు. అంత పని తెలిసిన మనిషి. ఆ బొట్లు ఏటేటా కారి, ఖాళీగా ఉన్న స్లాటులో గట్టిపడ్డాయి.

పసుపు అమ్మే మార్కెట్ యార్డు దిక్కు దుకాణాల్లో చాలా కంప్యూటర్ల లోపల ఇట్లాగే ఉంటుందని రిపేరాయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"తుడుస్త. కానీ పిన్ను వంగిందంటే బోర్డే పోతది. గిప్పుడు నడిచేది గూడ నడువది. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పక్కా."

"తుడువు."

సూదికి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి గీకాడు. పచ్చబడిన దూదిని ఎక్కడ పెట్టాలో తోచక నా చేతిలో పెట్టాడు. మా ఇళ్లలో భర్త పోయిన ఆడవాళ్లు పసుపు ముట్టరు. ఆయన పోయాక నా వేళ్లకు పసుపు అంటడం అదే మొదలు. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. దూది ఎక్కడ పారెయ్యాలని అడిగాను.

కంప్యూటర్ లేచింది. కానీ దాన్ని నమ్మడానికి లేదు. ఒక్కో పొద్దు మళ్లీ కూస్తుంది. అమ్మాయి ర్యామ్ పీకి, దాని అంచును రబ్బరుతో రుద్ది పెడితే నడుస్తుంది. జనం కొంత తిరిగి వస్తున్నారు. అమ్మాయి ఉంది.

మొన్న దసరాకు పూజ ఆమే చేసింది. పసుపు గిన్నె పట్టుకుని కంప్యూటర్ ముందు ఆగిపోయింది.

"పెద్దమ్మా, యాడ పెట్టాలె?"

రిపేరాయన ఏదో పాత రేకు వెతికి పక్కకు బిగించి పంపాడు. అది చూపించాను.

"బయటనే పెట్టు. ఒక్కటే."

పెట్టింది. కొన్నాళ్లకు అది ఎండి రాలి, బల్ల కింద పడింది. ఊడ్చాను.