డాల్ఫిన్‌కు అభిషేకం

కరోనా భయం తగ్గిన మరుసటి ఏడు, కార్తీక పౌర్ణమి. త్రిపురాంతకం దగ్గరి ఒక ఊరి రైతులు సముద్ర స్నానానికి బస్సు మాట్లాడుకుని, తమ పశువుల డాక్టర్‌నైన నన్నూ రమ్మన్నారు. తెల్లవారేసరికి కొత్తపట్నం తీరంలో దిగాం. మా మెట్ట ప్రాంతం వాళ్లకు సముద్రమంటే ఏడాదికోసారి కనబడే దేవుడే.

నేను ఒడ్డుకు చేరేసరికే జనం గుమిగూడారు. మధ్యలో ఒక డాల్ఫిన్! ఆటుకు నీళ్లు వెనక్కి పోవడంతో ఇసుకలో చిక్కుకుపోయింది. మావాళ్లు అప్పటికే దానికి పసుపు కుంకుమ పెట్టేశారు. నాలుగు బర్రెల్ని మేపే పెద్దావిడ సుబ్బరత్నమ్మ చెంబుతో దాని తల మీద నీళ్లు పోస్తోంది. ఆమె వెనక మిగతావాళ్లు చెంబులతో వరుస కట్టారు.

"ఆపండి!" అని అరిచాను. పశువుల మధ్య పనిచేసేవాళ్ల గొంతు చిన్నగా ఉండదు.

"ఏందమ్మా అట్ల గదమాయిస్తావు? నీళ్లలో జీవం, నీళ్లు లేక అల్లాడతా ఉంది" అంది సుబ్బరత్నమ్మ.

డాల్ఫిన్ చేప కాదు. మనలాగే గాలి పీల్చి, బిడ్డకు పాలిచ్చే జంతువు. దాని ముక్కు నడినెత్తిన ఉంటుంది. దాన్నే బ్లోహోల్ అంటారు. అభిషేకం సరిగ్గా ఆ రంధ్రం మీదే జరుగుతోంది. ఇదంతా విడమరచి చెప్పే తీరిక లేదు. మా వృత్తిలో డ్రెంచింగ్ న్యుమోనియా అనే జబ్బు ఒకటుంది. గొట్టంతో పోసే మందు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే వస్తుంది. దాని పేరు తెలియని రైతులున్నారు గానీ, దానివల్ల జరిగే నష్టం తెలియనివాళ్లు లేరు.

"పెద్దమ్మా, పోసే మందు ఊపిరితిత్తుల్లోకి పోతే బర్రె ఏమైతాది?"

"ఇంకేముంది, చచ్చిపోతాది."

"నువ్వు పోసేది దీని ముక్కులోనే."

ఆమె చెంబు పక్కన పారేసింది. "ఓరి నాయనో, ఎంత పని చేస్తిమి! ఎవురూ పోయబాకండి!" అని నాకంటే గట్టిగా అరిచింది.

అటవీ శాఖకు ఫోన్ చేశాను. బయల్దేరుతున్నామంటూ, అందాకా ఏం చేయాలో చెప్పారు. తోక పట్టి లాగకూడదు. పక్కకు ఒరిగిపోనివ్వకూడదు. ఒళ్లు తడిగా ఉంచాలి, నెత్తిన రంధ్రాన్ని మాత్రం కప్పకూడదు. స్నానం తర్వాత కట్టుకుందామని తెచ్చుకున్న పొడి చీరల్ని ఆడవాళ్లు తడిపి కప్పారు. సెల్ఫీల కోసం వచ్చినవాళ్లను సుబ్బరత్నమ్మ తరిమేసింది. "బాలింత గదిలోకి ఇట్లనే దూరతారా? పక్కకు పోండి!"

అటవీ శాఖ వాళ్లు వచ్చి చూసి, గాయాలు లేవు, సముద్రం లోపలికి చేర్చుదామన్నారు. కూలబడిన బర్రెను గోనెపట్టా మీదకు జరిపినట్టే, బస్సులోని జంపఖానా మీదకు దాన్ని మెల్లగా జరిపాం. జాలర్లు, మా రైతులు కలిసి ఛాతీలోతు నీళ్లలోకి మోశారు. మావాళ్లలో ఒక్కరికీ ఈత రాదు. అలలు ముఖాన కొడుతున్నా పట్టు వదల్లేదు. డాల్ఫిన్ కదల్లేదు.

అంతలో తోక ఒక్క విసురు విసిరింది! మమ్మల్నందరినీ ముంచెత్తి వెళ్లిపోయింది. కాస్త దూరంలో పైకి తేలి, ఫూమని గాలి వదిలింది. "పోయినాది తల్లీ, పోయినాది!" అంటూ సుబ్బరత్నమ్మ ఎగిరింది. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. ఒడ్డంతా హరహర మహాదేవ అని మారుమోగింది. తిరుగు ప్రయాణంలో పొదిలి దాటేదాకా తడి బట్టల్లో వణుకుతూనే అందరూ పాటలు పాడారు.

జనానికి మూగజీవాల మీద దయ లేదని మా వృత్తిలో తరచూ వింటాను. నేనొప్పుకోను. దయకు కొదవ లేదు, ముక్కెక్కడుందో చెప్పేవాళ్లే కరువు. మా ఊళ్ల బస్సులకు ఇప్పుడా కరువూ లేదు. ఏటా ఒడ్డున దిగకముందే సుబ్బరత్నమ్మ లేచి నిలబడుతుంది.

"దాని ముక్కు నెత్తిన ఉంటాది. కనబడితే ముందు ఫోన్ చేయండి. తోక లాగినారో, మీ పని నేను చెబుతా!"