పార్టీ బండి

మా జయరాజ్ అంత పిరికివాడు ఖమ్మం మెకానిక్కుల్లో మరొకడు ఉండడు. ఎగతాళికి అనడం లేదు. కార్ల షోరూము వెనక వర్క్‌షాపులో ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేశాం కాబట్టి అంటున్నాను. చక్రం బిగించి జాకీ దించాక కూడా స్పానర్ పట్టుకుని మళ్లీ వచ్చేవాడు. ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఆగిపోయేవాడట. ఏమిటని భార్య అడిగితే "నిన్నటి బండికి నట్లు బిగించిననో లేదో" అనేవాడట. తన చేతి మీదుగా వెళ్లిన బండి ఏ మలుపులోనో బోల్తా పడుతుందని వాడికి ఎప్పుడూ గుబులే.

ఆ గుబులు తట్టుకోలేక ఒక పద్ధతి పెట్టుకున్నాడు. భార్య ఏంజెల్ తన చెల్లెలి పెళ్లికని కొనుక్కుని, పాస్టరమ్మ ఏమంటుందోనని పెట్టెలో దాచేసిన ఎర్ర గోళ్ల రంగు సీసా తెచ్చుకున్నాడు. నట్టు బిగించగానే దాని మీద ఒక చుక్క పెట్టేవాడు. చుక్క ఉంటే బిగించినట్టు, లేకపోతే లేనట్టు. "ఏందన్నా, బండికి పెళ్లిచూపులా?" అని కుర్రాళ్లు ఏడిపిస్తే నవ్వేవాడు గానీ, చుక్క మాత్రం మానలేదు.

రెండువేల అయిదు ఎండాకాలంలో రోడ్డు కాంట్రాక్టరు వీరబాబు కారు భద్రాచలం దాటాక అడవి రోడ్డులో ఆగిపోయింది. దగ్గర్లోని ఊరి నుంచి షోరూముకు ఫోన్ చేశాడు. "పార్టీ అడవిల ఇరుక్కున్నడు, జల్దీ పో" అని సూపర్‌వైజరు జయరాజ్‌ను తరిమాడు. బండి తెచ్చే మనిషిని షోరూములో పార్టీ అనే అంటాం. పార్టీ వచ్చిండు, పార్టీ లొల్లి పెడుతుండు, రోజుకు వందసార్లు వినపడే మాట. అడవిలో మాత్రం ఆ మాటకు ఒకటే అర్థం. తుపాకులు పట్టుకు తిరిగే అన్నల పార్టీ. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

జయరాజ్ భద్రాచలంలో బస్సు దిగి ఆటో ఎక్కాడు. అడవి మొదట్లోనే చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆటో ఆపి వాడి గోనెసంచి విప్పించారు. కొత్త బ్యాటరీ, వైరు చుట్ట, బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్ట్ ల్యాంపు బయటపడ్డాయి. ఆ దారుల్లో మందుపాతరలు పేలుతున్న రోజులవి. ఆటోవాడు వెంటనే చేతులెత్తి, ఈ మనిషెవరో తనకు తెలియదన్నాడు.

"ఎక్కడికిరా ఇవన్నీ?" అన్నాడు ఎస్సై.

"పార్టీ ఫోన్ చేసిండు సార్. వైరింగ్ చూడాలె."

చుట్టూ ఉన్నవాళ్లు సంచికి దూరంగా జరిగారు. ఎందుకు జరిగారో జయరాజ్‌కు అర్థం కాలేదు.

"ఏ పార్టీ?"

"మా పాత పార్టీయే సార్. శాన ఏండ్ల సంది నేనే చేస్తున్న పని."

ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. తుపాకీ గొట్టం మెడకు ఆనించారు. ఎదురుకాల్పుల వార్త కనిపిస్తే పేజీ తిప్పేసే మనిషి, రేపటి పేపర్లో తన పేరే ఉంటుందనుకున్నాడు. ఏంజెల్‌కు ఎవరు చదివి వినిపిస్తారో అనుకున్నాడు. ఎలాగో షోరూము నంబరు చెప్పాడు. ఎస్సై పోస్టులోంచి ఫోన్ చేస్తే కౌంటర్లో కూర్చునే శ్యామల ఎత్తింది.

"జయరాజ్ మీవాడేనా?"

"అవ్ సార్, మావోడే. పార్టీ కాడికి పంపినం. చేరిండా?"

ఎస్సై ఫోన్ పెట్టేసి తాడు తెమ్మన్నాడు. జయరాజ్ చేతులు వెనక్కి విరిచి కట్టారు.

అంతలో ఒక ట్రాక్టరు వీరబాబు కారును లాక్కుంటూ వచ్చి ఆగింది. వీరబాబును చూడగానే జయరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. "సార్! ఆయనే మా పార్టీ!" అని అరిచాడు.

వీరబాబు ముఖం పాలిపోయింది. "నేను ఏ పార్టీ కాదు సార్. గీయన ఎవరో నాకు ఎరుక లేదు" అన్నాడు. ఏళ్లుగా వీడి చేతే బండి చేయించుకున్న మనిషి! భయం ఎవరికైనా భయమే అనుకోండి, అయినా తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జయరాజ్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే అన్నాడు. "చక్రాలు చూడుండ్రి సార్. నట్ల మీద ఎర్ర చుక్కలుంటయ్. నేనే పెట్టిన. బిగించుడు మర్చిపోతనేమో అని భయం సార్. సీసా సంచిలనే ఉన్నది."

కానిస్టేబులు చక్రం మూత ఊడదీశాడు. ప్రతి నట్టు మీదా చుక్క ఉంది. ఎస్సై సీసా తెరిచి బొటనవేలి గోటి మీద కాస్త రాసుకుని, నట్టు పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే రంగు.

"ఎరుపే దొరికిందారా నీకు?"

"మా ఇంటామెది సార్."

ఎవరో నవ్వారు. కట్లు విప్పారు. అక్కడే, ఆ తుపాకుల మధ్యే, తెగిన వైరు కలిపి కారు నడిపించాడు. వీరబాబు ఏదో చెప్పబోతే వాడు తలెత్తి చూడలేదు.

మర్నాడు పనిలోకి వచ్చి నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లాడు. "వచ్చినవా అన్నా? పార్టీ ఏమన్నడు?" అంది శ్యామల, ఏమీ తెలియక. జయరాజ్ సీసా తీసి ఫోను మీద ఒక ఎర్ర చుక్క పెట్టాడు.

"ఎత్తేముందు దీన్ని చూడు చెల్లె. ఇగ నుంచి కస్టమర్ అను."

మేమంతా నవ్వబోయి ఆగిపోయాం. నట్టు మీద ఆవగింజంత చుక్క గుండ్రంగా పెట్టే మనిషి. ఫోను మీద చుక్క వంకరగా గీతలా సాగిపోయింది.