మసిగుడ్డ చేసిన చీర ముక్క

నేను చదివింది ఐదో తరగతి వరకే. రాయడం అలవాటు లేదు. కానీ ఈ సంగతి నోటితో చెప్పాలంటే నాకు మాట రాదు, అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు కెనడాలోని స్కార్‌బరోలో ఉంటారు. పిల్లలు కలగకపోతే కాకినాడ దగ్గర ఒక అనాథాశ్రమం నుంచి ఏడాదిన్నర పాపను దత్తత తెచ్చుకున్నారు. దాన్ని పెంచడానికి వచ్చి నేనూ ఇక్కడే ఉండిపోయాను. పాపతో పాటు ఒక కవరులో పాత నూలు చీర ముక్క పంపారు. కన్నతల్లి పాపను అందులో చుట్టి వదిలి వెళ్ళిందట. ఆఫీసు హడావుడిలో ఉన్న అమ్మాయి జాగ్రత్త చేయమని కవరు నా చేతికిచ్చింది.

మా ఇంట్లో ఏ గుడ్డా ఊరికే పోదు. చినిగిన దుప్పటి దిండు గలీబవుతుంది, గలీబు మసిగుడ్డవుతుంది. పేపర్ టవళ్ళు కొంటే నేను ఊరుకోను. ఆ చీర ముక్కను వేడినీళ్ళలో ఉడకబెట్టి, నాలుగు ముక్కలు చేసి స్టవ్ తుడిచాను. ఏడాది తిరక్కుండానే పీలికలై చెత్తలోకి పోయాయి. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పాపకిప్పుడు పన్నెండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. పుట్టిన దేశం చూపిద్దామని పోయిన శీతాకాలం సెలవుల్లో నలుగురం వెళ్ళాం. ఆశ్రమంలో దాన్ని ఎత్తుకు తిప్పిన ఆయమ్మ ఇంకా పనిలోనే ఉంది. చెవి వెనక పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టింది. పిల్ల ఇంత సన్నగా ఉంది, కెనడాలో అన్నం పెట్టరా అని నన్ను దెప్పింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

“మామ్మగారూ, ఆ చీర ముక్క ఉందాండీ? పాప కోసం నా పెట్టెలో దాచి పంపేనండి.”

నేను చేతిసంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచాను. అమ్మాయే అందుకుని, మా బిల్డింగ్ కింద పాత సామాన్లు పెట్టుకునే లాకర్‌లో, ఏదో అట్టపెట్టెలో భద్రంగా ఉందని చెప్పింది. ఆ గుడ్డ సంగతి పాప వినడం అదే మొదలు. తిరుగు ప్రయాణమంతా దాని ధ్యాసే. ఫ్రేము కట్టించి మంచం పక్కన పెట్టుకుంటానంది. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించాను.

ఇంటికి చేరిన మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్ళు లాకర్‌లోని పెట్టెలన్నీ దించారు. నాలుగో పెట్టె విప్పుతుంటే చెప్పేశాను. మసిగుడ్డ చేశానన్నాను. పాతగుడ్డ కదా, అలవాటు కొద్దీ చేశానన్నాను.

అమ్మాయి నన్ను తేరిపార చూసింది. “నా చిన్నప్పటి గౌన్లు ఇంకా నీ సూట్‌కేసులోనే ఉన్నాయి కదమ్మా” అంది.

ఉన్నాయి. నలభై ఏళ్ళనాటివి, సముద్రాలు దాటించి తెచ్చుకున్నాను. కాబట్టి అది పొదుపు కాదు. ఎవరో, ఏ ఇంటిదో తెలియని ఆడదాని చీర నా ఇంట్లో ఉండటం నాకు గిట్టలేదు. అది లేకపోతే పాప పూర్తిగా మాదైపోతుందనుకున్నాను.

పాప ఏడవలేదు. విప్పిన పెట్టె మూసి, ఎప్పుడూ లేనిది, తెలుగులో మాట్లాడింది.

“అక్కడే చెప్పుంటే ఆయమ్మని అడిగేదాన్ని కదా అమ్మమ్మా, ఎలా ఉండేదో.”

ఫోన్ చేసి అడుగుదామంది అమ్మాయి. పాప వద్దంది. ఏమైందని ఆవిడ అడిగితే ఏం చెప్తామంది. కవరులో మడత పెట్టి ఉండగా ఒక్కసారి చూసిందే తప్ప అమ్మాయికి ఏమీ గుర్తులేదు. ఇక మిగిలింది నేను. నన్నే చెప్పమంది పాప.

లేత పసుపు రంగన్నాను. చిన్నచిన్న పువ్వులన్నాను. అంచు ఏ రంగని అడిగింది. గోధుమరంగు అనబోయి ఆగిపోయాను. అది అంచు రంగో, స్టవ్ మసి పట్టిన రంగో నాకు తెలియలేదు. పాప ఇంకా నా వైపే చూస్తోంది.