చెరువుగట్టు మీది పసుపుపచ్చ పొడి

శుక్రవారం మధ్యాహ్నం రాజమండ్రిలో పిల్లల డాక్టరుగారి బల్లకి ఇవతల కూర్చుని, ఆయన చేతిలోని రిపోర్టును తలకిందులుగా చదువుతున్నప్పుడు, ఆయన ఇంకా నోరు తెరవకముందే, నాకు సంగతి తెలిసిపోయింది. ఎడమవైపు మందుల పేర్లు ఒకదాని కింద ఒకటి, కుడివైపు ప్రతి పేరుకీ ఎదురుగా ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం. ఆర్, ఆర్, ఆర్ అంటూ కిందిదాకా దిగిపోయింది. అడుగున ఒక్కచోట మాత్రం ఎస్ ఉంది. ఆర్ అంటే క్రిమి ఆ మందుకి లొంగలేదని, ఎస్ అంటే లొంగిందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్ళికి ముందు రెండేళ్ళపాటు నేను రోజూ నా చేత్తో రాసిన అక్షరాలే అవి. మందుల పేర్లు కూడా సగం అవే. కాకపోతే నేను రాసినవి రొయ్యలకి, ఇది నా అయిదేళ్ళ కూతురికి.

పదకొండు రోజుల జ్వరం, మూత్రంలో మంట. నరసాపురంలో ఇచ్చిన మందులు రెండూ పనిచెయ్యలేదు. క్రిమి మూత్రపిండాల దాకా వెళ్ళిందని, మిగిలింది ఒక్క ఇంజెక్షనేనని, మూడు రోజుల్లో దానికి జ్వరం దిగకపోతే విశాఖపట్నం తీసుకెళ్ళాల్సి ఉంటుందని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పి, ఇదివరకు పాపకి ఏమేం మందులు వాడారని అడిగారు. ఏమీ వాడలేదన్నాను. మా ఇంట్లో చీటీ లేకుండా జ్వరం మాత్ర కూడా వెయ్యమని, నేను మైక్రోబయాలజీ చదివానని కాస్త గర్వంగానే చెప్పాను. ఆయన తలూపి రాసుకున్నారు. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నోట్లో చేదు ఊరుతోంది.

ఇది ఆదివారం రాత్రి. చిన్నది చేతికి ప్లాస్టరు వేసి అంటించిన సూదితో పక్క మంచం మీద నిద్రపోతోంది, నేను పెద్దాడి రఫ్ నోట్సులో వెనకపేజీలు తిప్పి రాస్తున్నాను. తొంభైల్లో నాతోపాటు డిగ్రీలు చదివి, చదువంటే ఇంటికి మేలు చేసేదే అని నమ్మి, ఆ నమ్మకంతోనే సంసారాల్లోకి వెళ్ళిన మీలాంటివాళ్ళకి తప్ప ఇది ఇంకెవరికి చెప్పుకోను.

మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా మొగల్తూరు వైపు వరిచేలన్నీ ఒకదాని తర్వాత ఒకటి రొయ్యల చెరువులైపోయాయి. బస్సు కిటికీలోంచి చూస్తే పచ్చదనం బదులు నీళ్ళు, నీళ్ళ మీద తిరుగుతూ గాలి అందించే ఏరేటర్ల చక్రాలు, గట్టు మీద జనరేటర్ పొగ. కొత్త బండ్లొచ్చాయి, కొత్త మేడలొచ్చాయి, వాటితోపాటే కొత్త రోగాలూ వచ్చాయి. రోడ్డు పక్కన సైకిల్ షాపులున్నచోట రొయ్యల మందుల షాపులు వెలిశాయి. అలాంటి ఒక షాపు వెనకగదిలో ఉండేది నా ల్యాబు. మా ఊరి ఆడపిల్లల్లో తెల్లకోటు వేసుకుని ఉద్యోగం చేసినదాన్ని నేనొక్కదాన్నే, అందుకని మా అమ్మ ఆ కోటుని గంజి పెట్టి మరీ ఇస్త్రీ చేసేది.

రైతులు నీళ్ళ క్యానుల్లో నాలుగైదు రొయ్యల్ని వేసుకుని వచ్చేవారు. క్యాను మూత తియ్యగానే వచ్చే ఆ కుళ్ళు వాసనని నేనింతవరకూ మరిచిపోలేదు. ఎంత సబ్బుతో కడిగినా అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి వేళ్ళ దగ్గర అదే వాసన. డాక్టరమ్మగారూ, మావాటికి జలుబా జ్వరమా చూసిపెట్టండి అని వాళ్ళు వేళాకోళమాడేవారు. నేను రొయ్య తలని చీల్చి, లోపలి రసాన్ని గాజుపళ్ళెంలో, క్రిములు పెరగడానికి పోసిన అగర్ పొర మీద పూసి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళల్ని దానిమీద అంటించి, మర్నాడు మూత తీసి చూసేదాన్ని. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిములు పెరగకుండా ఖాళీ వలయం ఏర్పడేది. ఆ వలయాన్ని స్కూలు పిల్లల ప్లాస్టిక్ స్కేలుతో కొలిచి, ఏది పెద్దదైతే ఆ మందు పేరు చీటీ మీద రాసి ఇచ్చేదాన్ని. చీటీ తీసుకుని రైతు ముందుగదిలోకి వెళ్ళి అదే మందుని కిలోల్లో కొనుక్కునేవాడు. గట్టు మీద టార్పాలిన్ పరిచి, మేతలో ఆ పసుపుపచ్చ పొడి పోసి, అంటుకోవడానికి కోడిగుడ్డు సొన కలిపి, చేతులతోనే పిసికి చెరువులో చల్లేవారు. సాయంత్రం ఆ పచ్చటి చేతులు కాలవలో కడుక్కునేవారు.

మొదటి ఏడాది వలయాలు పెద్దవిగా, ముచ్చటగా ఉండేవి. రెండో ఏడాదికి చిక్కిపోయాయి. ఒకరోజు పళ్ళెం మూత తీసి చూస్తే క్రిములు బిళ్ళ అంచుదాకా పెరిగి, దాన్ని ఆనుకుని మెరుస్తున్నాయి, మందన్న సంగతే వాటికి పట్టనట్టు. ఆ పళ్ళెం తీసుకెళ్ళి షాపు యజమానికి చూపించాను. ఆయన నావంక చూడకుండానే, "ఖాళీ రాకపోతే బిళ్ళ మార్చండమ్మా, రైతుని ఖాళీచేతులతో పంపితే ఎలాగండీ" అన్నారు. మార్చాను. మారిస్తే కొన్నాళ్ళు వలయం వచ్చేది, తర్వాత అదీ పోయేది. అప్పుడు మోతాదు రెట్టింపు చేసి రాసేదాన్ని. అంతకన్నా రోత ఇంకొకటి ఉంది. తెల్లమచ్చల రోగమొచ్చి చెరువులకి చెరువుల్లో రొయ్యలు చచ్చి తేలిపోతున్నప్పుడు, అది వైరస్ అని, ఈ మందులకి అసలు లొంగదని నాకు పుస్తకంలో చదివిన జ్ఞానం ఉంది. ఉండి కూడా చీటీ రాశాను. ఏదో ఒకటి రాయకపోతే ఆ మనిషి గుమ్మం దగ్గరనుంచి కదిలేవాడు కాదు.

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మాకు ఒక మేడమ్‌గారు క్లాసులో బోర్డు మీద రెండు క్రిముల బొమ్మలు గీసి, మధ్యలో చిన్న వంతెన గీసి, ఒకటి నేర్చుకున్న, మందుకి లొంగని తెగింపుని ఉంగరంలాంటి చిన్న డీఎన్‌ఏ ముక్కలో పెట్టి రెండోదానికి అందిస్తుందని, ఆ రెండూ ఒక జాతివి కానక్కర్లేదని చెప్పారు. నేను ఆ బొమ్మని రంగు పెన్సిళ్ళతో వేసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మార్కులు తెచ్చుకున్న ఆ అమ్మాయీ, చీటీలు రాసిన ఈ అమ్మాయీ ఒక్కరేనన్న ఊహ నాకు ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

ఇంక ఇంటి సంగతి. మేనమామ కొడుకునే చేసుకున్నాను కాబట్టి మావయ్యే మామగారు, అత్తయ్యే అత్తగారు. మావయ్యకి ఆరు చెరువులుండేవి. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం, భోజనాల దగ్గర, చెరువుల్లో వేసే మందు అసలు ఏంటని మావయ్య అడిగితే, ఇంటికి కొత్తగా వచ్చిన చదువుకున్న కోడలిగా నా విలువ చూపించుకోవాలని ఉబలాటపడి, అది కొత్త మందేం కాదు మావయ్యా, మనుషులకి జ్వరమొస్తే వేసే గొట్టం మాత్రల్లో ఉండే పొడే, మనుషుల మందుల షాపుల్లో పది రెట్లు ఎక్కువ ధరకి అమ్ముకుంటారు అంతే అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. అత్తయ్య వడ్డించే గరిట ఆపి మరీ విన్నారు. నేనన్నది అబద్ధం కాదు. నిజమే కాబట్టే ఆ మాట అంత దూరం వెళ్ళింది.

శుక్రవారం సాయంత్రం అత్తయ్య పెద్దాడిని వెంటబెట్టుకుని క్యారేజీతో ఆస్పత్రికి వచ్చారు. చిన్నదాని నుదురు తడిమి, గది తలుపు దగ్గరగా వేసి, సంచీలోంచి మూత బిగించిన కాఫీపొడి సీసా తీశారు. సగానికి పైగా పసుపుపచ్చ పొడి. దాన్ని చూస్తూనే నాకు ఆ క్యాను మూత తీసిన వాసన వచ్చింది, ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు.

"డాక్టర్లు వాళ్ళ పద్ధతిలో వాళ్ళు చేస్తారు. ఒక చిటికెడు తేనెలో వేసి నాకించు అమ్మాయ్. ఎప్పుడు ఒళ్ళు వెచ్చబడినా దీంతోనే కదా తగ్గింది" అన్నారు అత్తయ్య.

ఎప్పుడూ అంటే ఎన్నిసార్లని అడిగాను. ఆవిడ దాచుకోలేదు, దాచాల్సిందని ఆవిడకి తోచనే లేదు. దగ్గొచ్చినా, విరేచనాలైనా, చెవి పోటన్నా, నేను వంటింట్లోనో పుట్టింట్లోనో ఉన్నప్పుడు, ఇద్దరికీ ఒక్కో చిటికెడు. పంపుషెడ్డులో మిగిలిన సంచీలోంచి తెచ్చి సీసాలో పోసుకున్నారట. చెరువులు కౌలుకిచ్చేసి మూడేళ్ళయినా సీసా అయిపోలేదు. దొడ్లో కోళ్ళకీ అదే, పాలేరు కాలి పుండుకీ అదే, గేదె పొదుగు వాచినా అదే. నా పిల్లలు చీటీ లేని మందు ఎరగరని డాక్టరుగారికి చెప్పిన నోటితోనే, ఎందుకిలా చేశారు అత్తయ్యా అని అరిచాను.

ఆవిడ బిత్తరపోయి నావైపు చూశారు. "నువ్వు చెప్పిందే కదమ్మా. మనుషుల మందేనని నువ్వే కదా చెప్పావు. చదువుకున్నదానివని నమ్మాను" అన్నారు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేను ఇంకా అరవగలిగేదాన్ని. మంచం అంచు మీద కూర్చుని ఆవిడ రెండు చేతుల్తో కొంగు నలుపుకుంటూ, దీనివల్లే వచ్చిందా అని అడిగారు. రాత్రి రౌండుకి వచ్చిన డాక్టరుగారికి సీసా చూపించి నేనూ అదే అడిగాను. ఈ క్రిమి మందులకి తెగించడం ఎక్కడ నేర్చుకుందో ఎవరూ చెప్పలేరని, ఇలాంటివి ఇప్పుడు చెరువుల వాసన ఎరగని ఇళ్ళలో కూడా చూస్తున్నామని ఆయన అన్నారు. తర్వాత గోడకానుకుని నిలబడ్డ పెద్దాడిని దగ్గరికి పిలిచి, పెదవి పైకెత్తి, టార్చి వేసి చూశారు. వాడికి ఎనిమిదేళ్ళు. కొత్తగా వచ్చిన ముందుపళ్ళు బూడిదరంగులో, మధ్యలో గోధుమరంగు చారలతో ఉంటాయి. బోరునీళ్ళ వల్లనో, సరిగ్గా తోముకోకపోవడం వల్లనో అనుకుని ఏడాదిగా రోజూ పొద్దున వాడిని తిడుతూనే ఉన్నాను. ఉప్పుతో తోమించాను, బొగ్గుపొడితో తోమించాను, చిగుళ్ళనుంచి నెత్తురొచ్చేదాకా తోమించాను. పన్ను లోపల తయారవుతున్న వయసులో ఈ పొడి పడితే రంగు అలా నిలిచిపోతుందన్నారు డాక్టరుగారు. అది నేను చదివిన పుస్తకంలోనూ ఉంది. ఏ పేజీలో ఎటువైపు ఉందో కూడా చెప్పగలను.

అత్తయ్య సీసా తీసుకుని వాష్‌బేసిన్‌ దగ్గరికి వెళ్ళి మూత తిప్పబోయారు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ గొట్టం కాలవలోకి, కాలవ గోదాట్లోకి, గోదారి మళ్ళీ మన డెల్టా కాలవల్లోకే కదా. మన వైపు పారబోసినది ఏదైనా నీళ్ళలోకే పోతుంది. ఆ సీసా ఇప్పటికీ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఎక్కడ పడెయ్యాలో నాకు తెలియలేదు. పడేసే చోటు కూడా చెప్పని చదువు చదివానన్నమాట.

ఈమధ్య పేపర్లో సైన్సు పేజీ తిరగేస్తే, మందులకి లొంగని క్రిముల గురించి, వాటికోసం మట్టిలోనూ సముద్రపు అడుగునా కొత్త మందులు వెతుకుతున్నవాళ్ళ గురించి వార్తలుంటున్నాయి. ఎక్కడో గొప్ప ల్యాబుల్లో ఎవరో ఏళ్ళతరబడి కళ్ళు కాయలు కాచేలా వెతికి ఒక్క మందు పట్టుకొస్తే, మనం దాన్ని గుడ్డుసొనలో పిసికి చెరువులో చల్లుకుంటాం. నా చిన్నతనంలో మా ఊళ్ళో ఎవరికైనా గట్టి జ్వరమొస్తే కాంపౌండరు గారు సూది వేడినీళ్ళలో మరిగించి ఒక్క ఇంజెక్షన్ చేసేవారు, మర్నాటికి మనిషి లేచి కూర్చునేవాడు. ఇంటిల్లిపాదీ ఆయనకి దణ్ణం పెట్టేవారు. మందంటే అప్పుడు అంత భయం, అంత భక్తి. నా తరానికి వచ్చేసరికి అది బస్తాల్లో వచ్చింది. చవకైనదాని మీద గౌరవం ఉంచుకోవడం మాకు చేతకాలేదు. పాతరోజులు మంచివని నేననను, ఆ రోజుల్లో పోయిన పిల్లలు చాలామంది. కానీ ఆ పిల్లల తల్లులకి లేనిది మా చేతికి వచ్చింది, మేం దాన్ని రెండు పంటల్లో పాడుచేసుకున్నాం.

ఈ ఉదయం ఆరింటికి నర్సమ్మ థర్మామీటరు తీసి, వెలుతురుకి పెట్టి చూసి, నాకూ చూపించింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి జ్వరం లేదు. డాక్టరుగారు వచ్చి ఈసారికి ఆ ఒక్కటీ పనిచేసిందన్నారు. ఈసారికి అన్న మాటని ఆయన ఊరికే అనలేదు.

ఆయన వెళ్ళాక చిన్నదానికి ఇడ్లీ ముక్కలు తుంచి పెడుతూ పెద్దాడిని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. అత్తయ్య కిటికీ దగ్గర అటు తిరిగి ఉన్నారు. ఆవిడకి కూడా వినపడేలాగే చెప్పాను. నీ పళ్ళు నువ్వు తోముకోక అలా అవలేదు నాన్నా, చిన్నప్పుడు నీకు వేసిన మందు వల్ల అయ్యాయి, ఆ మందు మంచిదని ఇంట్లో చెప్పింది నేను, నాన్నమ్మ కాదు అన్నాను. వాడు నాలుకతో పళ్ళు ఒకసారి తడుముకుని, గట్టిగా తోమితే పోదా అని అడిగాడు. పోదన్నాను. రోజూ నిన్ను తిట్టాను చూడు, అది తప్పు అన్నాను. తర్వాత ఇద్దరి మొహాలూ నావైపు తిప్పుకుని చెప్పాను.

"ఎవరు మందు వేసినా, నేను వేసినా సరే, ముందు దాని పేరేంటి, ఎవరు రాశారు అని అడగండి. చెప్పలేకపోతే నోరు తెరవకండి."