ఎడమ చంక కింద కుట్టు

నాట్యంలో సారెత్‌ది బతుకంతా రాక్షసుడి వేషమే. చిన్నప్పుడు గురువమ్మ దాని భుజాలు తడిమి చూసి, "ఇది రాక్షసుడికి పనికొస్తుంది" అంది, అంతే. దేవకన్య వేషం మీద ఎంత ఆశ ఉన్నా దక్కలేదు. అది తోటిపిల్ల థావీకి పోయింది. మా బత్తంబాంగ్‌లో వాళ్లిద్దరి జంట ఆట ఉందంటే వాన పడుతున్నా జనం కదిలేవారు కాదు.

నేను వాళ్లకు బట్టలు కుట్టేదాన్ని. మా నాట్యంలో గుండీలూ హుక్కులూ ఉండవు. ఆటకు ముందు బట్టను ఒంటిమీదే బిగించి కుట్టాలి, అయ్యాక కత్తిరించి విప్పాలి. అందుకే నన్ను సూదక్క అనేవారు. నా నోరు కూడా సూదేనని అనేవారు. అననీ, నాకేం?

థావీకి ప్రతి ఆటలోనూ ఎడమ చంక కింద కుట్టు పిగిలిపోయేది. "అవి చేతులా, తాటిమట్టలా?" అని తిట్టేదాన్ని. "నువ్వు సరిగ్గా కుట్టి చావవు, నన్నంటావు సూదక్కా" అని నవ్వేది.

తరవాత నల్లబట్టలవాళ్లు తుపాకులతో వచ్చారు. ఊరంతా ఖాళీ చేయించి జనాన్ని పొలాలకు తోలారు. గురువమ్మ దారిలోనే పోయింది. థావీ కాలవ తవ్వుతూ జ్వరం తగిలి, గంజి కూడా మింగలేని స్థితిలో పోయింది. నేనూ సారెత్ ఎలా మిగిలామో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

వాళ్ల రాజ్యం పోయి ఊరికి తిరిగొచ్చాక సారెత్ బౌద్ధమఠం వెనక రేకుల పాకలో పిల్లల్ని పోగుచేసింది. రాక్షసుడి ఆట దాని ఒంట్లోనే ఉంది. దేవకన్య ఆట ఎదురుగా నిలబడి చూసిందే కనుక అదీ నేర్పగలిగింది, ఒక్క చోట తప్ప. దేవకన్య చేతిలోని మణి మెరుపుకు కళ్లు చెదిరి రాక్షసుడు బోర్లా పడతాడు. అక్కడ పాట ఉండదు, వాద్యాలే మోగుతాయి. దేవకన్య ఒంటరిగా ఆడుతుంది. ఏళ్ల తరబడి అన్ని ఆటల్లోనూ ఆ వేళకు సారెత్ నుదురు నేలకు ఆనించి పడి ఉండేది. థావీ అక్కడ ఏం ఆడేదో అది ఒక్కసారీ చూడలేదు.

అందుకే దాని దగ్గర నేర్చుకున్న ప్రతి దేవకన్యా అక్కడ కదలకుండా నిలబడుతుంది. ఒకసారి ఊళ్లోకి వచ్చి ఆట చూసిన ఆఫీసరొకడు సలహా చెప్పాడు.

"నాలుగు అడుగులు కలిపెయ్యండి పెద్దమ్మా. ఎవరికి తెలుస్తుంది?"

"థావీకి తెలుస్తుంది" అంది సారెత్.

నన్ను మాత్రం వదిలేది కాదు. తెర పక్కనే ఉండేదానివిగా, ఏం చేసేదో చెప్పు అని పీక్కుతినేది. బట్ట చూసుకుంటానా ఆట చూస్తానా అని కసిరేదాన్ని.

పోయినేడు దానికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఎండుచేప వేసి గంజి కాచి తీసుకెళ్తే, గిన్నె పక్కన పెట్టి మళ్లీ అదే పాట.

"ఒసే సూదీ, నేను పోతే ఆ మాలిస్ పిల్ల అక్కడ అట్టా కొయ్యలా నిలబడే ఉండిపోద్ది. కాస్త గుర్తు తెచ్చుకోవే."

"నేను చూసిందల్లా ఆ పాడు కుట్టేనే తల్లీ" అన్నాను. "నువ్వు పడేటప్పటికి బాగానే ఉండేది. లేచేటప్పటికి పిగిలి చచ్చేది."

సారెత్ మంచం మీద లేచి కూర్చుంది. "నేను పడి ఉన్నప్పుడా? ఏ చెయ్యే?"

"ఎడమది."

అప్పటికప్పుడు శిష్యురాలు మాలిస్‌ను పిలిపించింది. పాత రవిక నా చేత పిల్ల ఒంటిమీద కుట్టించింది. చెయ్యి భుజం దాకా ఎత్తమంది. కుట్టు కదల్లేదు. తలపైకి ఎత్తమంది. ఊహూఁ. చెయ్యి అలాగే ఉంచి నడుము కుడిపక్కకు వంచమంది. దారం టప్పున తెగింది. సారెత్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లూ నా దగ్గరే ఉందే ఇది!

అంత వెతికితే దొరికింది ఆ ఒక్క భంగిమ.

గురుపూజ నాడు మాలిస్ ఆడింది. సారెత్‌ను మోసుకొచ్చి ముందు చాప మీద కూర్చోబెట్టాం. మణి మెరిసే ఘట్టం రాగానే అది వంగి నుదురు చాపకు ఆనించింది. నేను డొక్కలో పొడిచాను.

"తలెత్తవే. ఇన్నేళ్లు దీనికోసమేగా ఏడ్చావు."

"చూస్తే మాలిస్ కనబడుద్ది" అంది, తల ఎత్తకుండానే. "ఇట్టా ఉంటే థావీ ఉంది."

మాలిస్ చెయ్యెత్తి, నడుము వంచి, మళ్లీ నిలబడిపోయింది. మిగతా వాద్యం మోగినంతసేపూ కదలకుండానే నిలబడింది. ఆట అయ్యాక నా దగ్గరికి భయపడుతూ వచ్చింది.

"కుట్టు పిగిలింది అమ్మమ్మా. తిట్టకు."

నేను వేసింది మైనం రాసిన జంట దారం. అయినా పిగిలింది. పిల్లను సారెత్ దగ్గరికి తీసుకెళ్లాను. అది ఆ చిరుగులో వేలు పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ వానాకాలంలోనే సారెత్ పోయింది. ఆట ఉన్న రోజు మాలిస్‌కు నేనే రవిక కుడుతున్నాను. ఆ చోట మాత్రం ఇప్పుడు ఒంటి దారమే వేస్తున్నాను.